అంకమ్మ బండికి వేసిన ఫ్యూజు

చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు వెళ్తుంటే, హైవే పక్కన జిన్నింగు మిల్లుల వరస అయిపోయే చోట ఒక రేకుల షెడ్డు ఉంటుంది. దాని ముందు ఎప్పుడు చూసినా ఒకటో రెండో వ్యాన్లు తలుపులు బార్లా తెరుచుకుని నిలబడి ఉంటాయి. పత్తి రోజుల్లో మిల్లుల్లోంచి ఎగిరొచ్చిన దూది ఆ రేకుల అంచులకీ, బండ్ల అద్దాలకీ, గోడకి తగిలించిన వైరు చుట్టలకీ అంటుకుని వేలాడుతుంటుంది. షెడ్డు బుడేది. బండి తెచ్చినవాళ్లు మాత్రం దిగీ దిగగానే అడిగేది అతని భార్య సిద్దికాని.

బుడే తాతలు ఊళ్లు తిరిగి దూది ఏకినవాళ్లు. తండ్రి పరుపులు కుట్టాడు. బుడే బోరు మోటార్లకి వైండింగు కట్టడం నేర్చుకుని ఈ షెడ్డు వేశాడు. పెళ్లయి వచ్చిన కొత్తల్లో సిద్దికా అతని పక్కన కూర్చుని రాగి తీగ చుట్టేది. తరవాత కరెంటు ఆటోలు వచ్చాయి, వాటితోపాటు లిథియం బ్యాటరీలు వచ్చాయి. పాడైపోయిన ఒక బ్యాటరీని ఆమె విప్పి చూసింది. ఫోన్లో వీడియోలు చూసింది, గుంటూరు వెళ్లి ఒక కంపెనీ మనిషి దగ్గర కొన్నాళ్లు కూర్చుంది. ఆ తరవాత పెద్ద బండ్లు రావడం మొదలైంది. సువార్త కూటాలకు తిరిగే వ్యాన్లు, టిఫిన్ బండ్లు, ఊరూరా కంటి పరీక్షలు చేసే బస్సు. అందరికీ కావలసింది ఒకటే. జనరేటరు మోత లేకుండా బండిలో లైట్లు, ఫ్యాన్లు, మైకులు నడవాలి.

సిద్దికా పని నిదానం. కేబులు చివర లగ్గు అనే రాగి తొడుగు నొక్కాక రెండు చేతులతో లాగి చూసేది. రెండు బ్యాటరీలు జత కలిపితే ఎర్ర తీగ ఒకదాని నుంచి, నల్ల తీగ రెండోదాని నుంచి తీసేది. అలా తీస్తే రెండూ సమానంగా బరువు మోస్తాయి, లేకపోతే ముందున్నదే మోసీ మోసీ తొందరగా పోతుంది. ఫ్యూజు బ్యాటరీని ఆనుకునే పెట్టేది. మామూలు కారు ఫ్యూజు కాదు, లోపల ఇసుక నింపిన పింగాణీ ఫ్యూజు. లిథియం బ్యాటరీ షార్టయితే వచ్చే కరెంటుకి మామూలు ఫ్యూజు తెగినా మధ్యలో నిప్పు ఆగదని ఆమెకి తెలుసు. ఇక రేకుకి బెజ్జం వేసి కేబులు దూర్చే ప్రతి చోటా ముందు ఒక రబ్బరు రింగు తొడిగేది, రేకు అంచు కేబులుని కొయ్యకుండా.

ఒక జనవరిలో జక్రయ్య పాత స్కూలు వ్యాను ఒకటి తోలుకొచ్చాడు. మార్టూరు పక్క పల్లె అతనిది. ముప్పాతిక జీవితం లారీ మీదే గడిపిన మనిషి. వ్యాన్లో సీట్లు పీకేసి, మంచం, చిన్న గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము బిగించుకున్నాడు. ఆ మంచం మీద అతని భార్య అంకమ్మ కూర్చుని ఉంది, ముక్కుకి సన్నటి గొట్టంతో. పక్కన ఆక్సిజన్ సిలిండరు.

"అమ్మాయ్, ఇంట్లో మిషను ఉంది. గాల్లోంచి ఆక్సిజను తీసిద్ది. కరెంటు లేకపోతే అది ముక్కుతా మూలుగుతా ఆగిపోయిద్ది. ఈమేమో ఇంట్లో ఉండనంటది. బండిలో ఆ మిషను ఆడాల, చిన్న ఏసీ ఆడాల. అయిద్దా?" అన్నాడు జక్రయ్య.

"అయిద్ది బాబాయ్. టైం పట్టిద్ది."

"పట్టనియ్యమ్మా, మాకు తొందరేముంది," అంది అంకమ్మ లోపల్నుంచి. రెండు మాటలకోసారి ఆగి గాలి పీల్చుకుంటోంది.

అంకమ్మ పదిహేనో ఏట నుంచి మిరపకాయల తొడిమలు తీసిన మనిషి. సీజన్లో గుంటూరు యార్డు చుట్టుపక్కల గోడౌన్లలో కూర్చుని, కొంగు ముక్కుకి కట్టుకుని, పొద్దుగూకేదాకా ఆ ఘాటులోనే ఉండేది. ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నారు డాక్టర్లు. మిరపకాయల వల్లేనా అంటే అవునని ఎవరూ అనలేదు, కాదనీ అనలేదు. చర్చిలో పాటలకి ముందు గొంతు ఆమెదే ఉండేది. చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కడ స్త్రీల కూడిక జరిగినా పిలిచేవాళ్లు. జబ్బు చేశాక నాలుగు గోడల మధ్య పడుకుని కరెంటు ఎప్పుడు పోతుందోనని ఫ్యాను వంక చూస్తూ ఉండటం ఆమె వల్ల కాలేదు. అందుకే ఈ బండి.

పని జరిగినన్నాళ్లూ మొగుడూ పెళ్లాలు పొద్దున్నే వచ్చేవాళ్లు. మిషన్ని షెడ్డు కరెంటుకి తగిలించి, అంకమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లు. సిద్దికా బండి కింద పడుకుని పని చేసేది, అంకమ్మ పైనుంచి మాట్లాడేది. మిరప ఘాటు వేళ్లలోంచి ఇప్పటికీ పోలేదనీ, తెలియక కళ్లు నలుపుకుంటే ఇప్పటికీ మండుతాయనీ నవ్వేది. ఓపిక ఉన్నప్పుడు సన్నగా పాడేది. సిద్దికాకి ఆ పాటలు కొత్త. అయినా ఒక పాట పల్లవి ఆమె నోటికొచ్చేసింది.

ఒకరోజు ఫ్యూజు బిగిస్తుంటే అంకమ్మ మెడ సాచి చూసింది.

"అదేందే, సుద్దముక్కలాగుంది?"

"ఫ్యూజు పిన్నీ. ఎక్కడన్నా తేడా వస్తే ముందు ఇది పోయిద్ది. ఇది పోతే బండి మిగులుద్ది."

"ఇది చచ్చి మిగతాదంతా బతికిచ్చిద్దా?" అంకమ్మ కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "అయితే మా ఏసయ్య పనే చేస్తంది!"

బుడే కూడా నవ్వాడు. జక్రయ్య మాత్రం, "ఊరుకోవే, ప్రతిదానికీ ఆయన్ని దించమాక," అని కసిరాడు.

బండి వెళ్లిపోయింది. తరవాత మూడు నెలలు అంకమ్మ ఎక్కడికి వెళ్తే అక్కడి నుంచి ఫోన్ చేసేది. సత్తెనపల్లి దగ్గర కూటంలో రెండు చరణాలు పాడిందట. పెదకాకానిలో చెల్లెలి ఇంటి ముందు బండి ఆపుకుని రెండు రోజులు ఉన్నారట. ఇంకోసారి అద్దంకి నుంచి, "బండి ఊగుతుంటే నిద్ర బాగా పడతందే," అంది. ఫోన్లో ఆమె మాటల వెనక మిషను శబ్దం వినిపించేది, ఎవరో పక్కన పడుకుని నిదానంగా గాలి పీల్చి వదులుతున్నట్టు.

మే నెలలో అది జరిగింది. మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. సత్తెనపల్లి నుంచి వస్తూ జక్రయ్య రోడ్డు పక్కన చింతచెట్టు నీడన బండి ఆపాడు. అంకమ్మ కొబ్బరినీళ్లు తాగుతానంది. ఏసీ చల్లదనం పోకుండా అద్దాలు ఎత్తి, ఇంజను ఆపకుండానే అవతలి పక్క కొట్టుకి వెళ్లాడు. కొట్టువాడు కాయలు దింపి కొట్టేసరికి కాస్త ఆలస్యమైంది. తిరిగొచ్చి తలుపు తీస్తే లోపల వేడి మొహాన కొట్టింది. ఏసీ ఆగిపోయింది. మిషను ఆగిపోయింది. మిషను మీద ఎర్ర దీపం ఒక్కటే వెలుగుతోంది. అంకమ్మ మంచం అంచు మీదికి ఒరిగిపోయి, చెయ్యి కింద సిలిండరు వైపు చాచి ఉంది. జక్రయ్య సిలిండరు తిప్పాడు, గొట్టం మార్చాడు, పిలిచాడు. ఆస్పత్రికి బండి తోలాడు. ఆమె అప్పటికే లేదు.

కరెంటు పోతే ఆ మిషను, లోపలుండే చిన్న బ్యాటరీతో, కూత పెడుతుంది. కూసింది కూడా. తరవాత కొట్టువాడే చెప్పాడు, "సన్నగా ఏదో కూత వినపడ్డది. రోడ్డు మీద ఏ బండిదోలే అనుకున్నా."

మర్నాడు సిద్దికా, బుడే జక్రయ్య పల్లెకి వెళ్లారు. ఇంటి ముందు టెంటు కింద జనం. పాటలు పాడుతున్నారు. బండి పక్కనే ఉంది. సిద్దికా అంకమ్మ పాదాల దగ్గర కూర్చుని లేచి, నేరుగా బండి కిందికి దూరింది. ఫ్యూజు తెగి ఉంది. పింగాణీ పగల్లేదు, చుట్టుపక్కల మసి లేదు. చేయాల్సిన పని చేసింది. కేబులు వెంట వేళ్లు పోనిచ్చుకుంటూ వెళ్లింది. మంచం వెనక, నేల రేకు బెజ్జం దగ్గర ఆగాయి వేళ్లు. ఎర్ర తొడుగు కోసుకుపోయి లోపలి రాగి మెరుస్తోంది. రేకు మీద చిన్న నల్ల మచ్చ. బెజ్జం అంచు కత్తిలా ఉంది. రబ్బరు రింగు లేదు.

కింద మట్టిలో వెతికింది. చాసిస్ మీద, డ్రమ్ము వెనక, మంచం కింద. రింగు లేదు, రింగు ముక్క కూడా లేదు.

బయటికొస్తే జక్రయ్య బంధువొకాయన, "నువ్వేనంటగా వైరింగు చేసింది? మంచి ఫ్యూజు ఏశావమ్మా. లేకపోతే బండి తగలబడి ఆమె కట్టె కూడా దక్కేది కాదు," అన్నాడు. పక్కనున్నవాళ్లు అవునన్నారు. తిరిగొచ్చే దారిలో బస్సు అద్దానికి తల ఆనించుకుని, బెజ్జంలో రింగు లేదని అప్పుడు చెప్పింది సిద్దికా బుడేతో.

"పెట్టే ఉంటావు. ఊడి పడుంటది," అన్నాడు అతను.

"నువ్వు చూశావా పెట్టడం?"

"చూళ్లేదు. నువ్వెప్పుడు పెట్టకుండా ఉన్నావు?"

"నాకు గుర్తు రావట్లేదు."

గుర్తు రాకపోవడమే ఆమెను పట్టుకుంది. ఆ కేబులు లాగిన రోజు అంతా గుర్తుంది. మిల్లు దగ్గర పత్తి బోరాల లారీ అడ్డం తిరిగి హారన్లు మోగడం గుర్తుంది. అంకమ్మ పాట పాడుతూ మధ్యలో దగ్గడం, మళ్లీ అందుకోవడం గుర్తుంది. తను కింద నుంచి పల్లవి కలపడం గుర్తుంది. తన చేతులు మాత్రం కనపడవు. కళ్లు మూసుకుంటే ఒకసారి రింగుని బొటనవేలితో నొక్కి కూర్చోబెడుతున్నట్టే ఉంటుంది. ఇంకోసారి అదే బెజ్జంలోకి కేబులు వట్టిగా దూరిపోతున్నట్టు ఉంటుంది. రెండూ నిజంలాగే ఉంటాయి.

ఆ తరవాత కూత మొదలైంది. మొదటిసారి షెడ్డులోనే, టీ తాగుతుంటే. గ్లాసు కింద పెట్టి పరుగెత్తి రోడ్డు మీదికొచ్చింది.

"లారీ రివర్సు పోతంది," అన్నాడు బుడే వెనకనుంచి.

లారీ పోయింది, కూత పోలేదు. జిన్నింగు మిషన్ల హోరు కింద సన్నగా, తీగలాగా ఉండేది. మసీదు మైకు ఆన్ చేసినప్పుడు అజాన్‌కి ముందు వచ్చే చిన్న కీచులో ఉండేది. పప్పు కుక్కరు కూత వెయ్యబోయే ముందు ఉండేది. ఎవరన్నా మాట్లాడుతుంటే మధ్యలో చెయ్యి పైకెత్తి, "ఆగండి," అనేది. అందరూ ఆగేవాళ్లు. ఏమీ ఉండేది కాదు.

ప్లాస్టిక్ కుర్చీలో ఎవరన్నా కూర్చుంటే ఆమెకి చెయ్యి ఆడేది కాదు. ఖాళీగా ఉన్నా ఆడేది కాదు. బండి కింద పడుకుంటే, పైనుంచి ఎవరో ఇప్పుడే మాట్లాడబోతున్నారనీ, అందుకోసం ఊపిరి కూడదీసుకుంటున్నారనీ అనిపించేది. ఒకనాడు బుడే ఆ కుర్చీ తీసుకెళ్లి మిల్లు వాచ్‌మన్‌కి ఇచ్చేశాడు. అది ఉన్నచోట ఇంకేమీ పెట్టలేదు ఆమె.

అంతకుముందు చేసిన బండ్లన్నిటికీ ఫోన్లు చేసి పిలిపించింది. ఊరికే చూస్తాననేది. దూరంలో ఉన్నవాటి దగ్గరికి తనే బస్సెక్కి వెళ్లింది. కంటి పరీక్షల బస్సు కోసం ఒంగోలు దాకా పోయింది. ప్రతి బండిలో ప్రతి బెజ్జం తడిమింది. ఒక్కదాంట్లో కూడా రింగు తప్పిపోలేదు.

"చూశావా? నువ్వు మర్చిపోయే మనిషివి కాదు," అన్నాడు బుడే.

"ఉన్నవాటిని చూస్తే లేనిదాని సంగతి తెలిసిద్దా?" అంది సిద్దికా.

వానలు తగ్గుముఖం పట్టి, తొలి పత్తి తీతలు మొదలయ్యేటప్పటికి జక్రయ్య వచ్చాడు. అదే వ్యాను. అతను బాగా చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది.

"మళ్లీ కరెంటు ఎక్కించమ్మాయ్."

"దేనికి బాబాయ్?"

"మిషనుకి."

సిద్దికా అతని వంక చూసింది. అతను బండి వంక చూస్తూ చెప్పాడు. ఇంట్లో నిద్ర పట్టడం లేదట. మిషన్ని ఇంట్లో పెట్టి ఆన్ చేసి చూశాడట. "గోడలకి కొట్టి మోత వేరేగా వస్తంది. దాని పక్కన ఇన్ని నెలలు బండిలో పడుకున్నా గదా. ఆ మోత లేకపోతే ఊపిరి ఆగిందేమోనని లేచి కూర్చుంటన్నా. ఎవరి ఊపిరో నాకే తెలవదు."

తలుపు తీసి చూపించాడు. మంచం మీద అదే దుప్పటి. మిషను నుంచి వచ్చిన గొట్టం చుట్ట చుట్టి దిండు మీద పెట్టి ఉంది.

అప్పుడు చెప్పింది సిద్దికా. బెజ్జం సంగతి, రింగు సంగతి, తనకి గుర్తు లేని సంగతి. దాచుకోకుండా, తడబడకుండా చెప్పింది. ఇన్నాళ్లూ లోపల లోపల అనుకున్న మాటలే కాబట్టి వరసగా వచ్చేశాయి.

జక్రయ్య నడుచుకుంటూ రోడ్డు అంచుదాకా వెళ్లి నిలబడ్డాడు. పత్తి లారీలు పోతున్నాయి. బుడే అతని దగ్గరికి వెళ్లబోతే సిద్దికా ఆపింది.

తిరిగొచ్చి అతను అన్న మాటలు ఆమె ఎప్పటికీ మరిచిపోలేదు.

"అద్దంకిలో నేల రేకు గలగలమంటందని ఒకడి చేత బిగిచ్చా. వాడూ కింద చెయ్యి పెట్టాడు. వాడు పీకాడో, నువ్వు మర్చిపోయావో, దానంతటదే ఊడిందో, నాకు తెలవదు. ఎవరినీ అడగను కూడా. కొబ్బరికాయ కోసం నేను దిగా. అద్దాలు నేనెత్తా. సిలిండరు మంచం కింద లోపలికి నెట్టింది నేను. ఇది మోసుకునే తిరగతన్నా. నువ్వు నీదొకటి తెచ్చి దీని మీద పెట్టమాక."

"క్షమించమని అడగట్లా బాబాయ్."

"అడిగినా నాకాడ లేదమ్మా ఇప్పుడు," అన్నాడు. కోపంగా అనలేదు. జేబు తడుముకుని చూసి చెప్పినట్టు అన్నాడు. "పని మొదలుపెట్టు."

ఆ బండికి చేసినంత పని సిద్దికా ఇంకే బండికీ చెయ్యలేదు. బ్యాటరీలు రెండింటినీ విడదీసింది. దేని ఫ్యూజు దానికి, దేని తీగ దానికి వేరే దారిన పోనిచ్చింది. ఏసీ ఒకదాని మీద, మిషను రెండోదాని మీద చిన్న ఇన్వర్టరుతో. ఒకటి పోతే ఇంకొకటి అందుకునేలా మార్పు మీట పెట్టింది. కేబుళ్లకి ఇనప గొట్టం తొడుగు వేసింది. రింగు పెట్టిన ప్రతిసారీ బుడేని పిలిచి, "చూడు," అనేది. అతను వంగి చూసి, "చూశా," అనేవాడు. చివర్లో బండి పైకప్పు మీద సైరను బిగించింది, లోపల కరెంటు ఆగితే రోడ్డంతా వినపడేలా.

"ఖాళీ మంచానికి ఇంత పనా సిద్దికా?" అన్నాడు బుడే మెల్లగా.

ఆమె మీట నొక్కింది. మిషను గుర్రుమని ఒకసారి కదిలి, గాలి పీల్చడం మొదలుపెట్టింది. దిండు మీద గొట్టం చివర చిన్నగా వణికింది. జక్రయ్య మంచం అంచున కూర్చుని కళ్లు మూసుకున్నాడు. సిద్దికా వెనక్కి అడుగులు వేస్తూ బండి దిగింది.

ఆ తరవాత ఆక్సిజన్ మిషన్ల పని ఆమె మానేస్తుందనుకున్నాడు బుడే. మానలేదు. పెదకాకాని నుంచి తోమా అనే టీచరు, తల్లి రెబ్కా కోసం కారు వెనక అలాంటిదే చేయించుకోవడానికి వచ్చాడు. పని అయ్యాక తాళాలు ఇవ్వకుండా సిద్దికా అతన్ని ఎండలో రోడ్డు అవతలికి పంపించింది. అతను అటు వెళ్లగానే కరెంటు తీసేసింది. సైరను మోగింది. మిల్లు వాచ్‌మన్ కూడా బయటికొచ్చి చూశాడు. తోమా లారీల మధ్య నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి, చెప్పు తెగి, చేతులు వణుకుతూ సిలిండరు తిప్పాడు.

"ఏందమ్మా ఇది, ప్రాణం పోయినంత పనైంది!" అని అరిచాడు.

"మళ్లీ వెళ్లిరండి, ఇంకోసారి చేద్దాం," అంది సిద్దికా.

చేతులు వణకడం మానేదాకా చేయించింది. రెబ్కమ్మ కారులో కూర్చుని కొడుకుని చూసి నవ్వుతోంది. ఇప్పుడు ఆమె దగ్గరికి వచ్చేవాళ్లందరికీ ఇది తప్పదు. కొందరు విసుక్కుంటారు. కూత సంగతి ఆమె ఎవరికీ చెప్పదు. కొన్ని వారాలు వినపడదు. మళ్లీ ఒకనాడు, మిల్లు ఆగి చుట్టూ చప్పుడు తగ్గిన మధ్యాహ్నం, వినపడుతుంది. ఇప్పుడు ఆమె పరుగెత్తదు. చేతిలో పని ఆపి, అది పోయేదాకా నిలబడుతుంది.

జక్రయ్య ఇల్లు తాళం వేసేశాడు. మార్టూరు దగ్గర ఒక మిరప కోల్డ్ స్టోరేజీలో కాపలా పనికి కుదిరి, వాళ్ల గోడ పక్కనే బండి పెట్టుకుని అందులోనే ఉంటున్నాడు. రబీ మొదట్లో ఒకసారి, మిరప సీజన్ అయ్యాక ఒకసారి సిద్దికా వెళ్లి తీగలన్నీ చూసొస్తుంది. అతను బయట పొయ్యి పెట్టి టీ కాస్తాడు. ఇద్దరూ గోడ నీడలో కూర్చుంటారు. బోరాలు దించే కూలీల అరుపులు, ఘాటుకి వాళ్ల దగ్గులు. తలుపు తెరిచే ఉంటుంది. లోపల మిషను ఆడుతూనే ఉంటుంది, పగలు కూడా.

పోయినసారి వెళ్లినప్పుడు మిషను మోతలో చిన్న తేడా కనిపెట్టింది సిద్దికా. ఫిల్టరు దుమ్ము పట్టిందని చెప్పింది.

"మార్చు మరి," అన్నాడు జక్రయ్య. "లోపలికెక్కి కూర్చుని చెయ్యి, అమ్మాయ్. మంచం ఖాళీయేగా."

ఆమె ఎక్కలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, మిషన్ని తన వైపుకి జరుపుకుని, బయటినుంచే చేతులు చాచి పని ముగించింది.